ఎవరి జ్వరం లెక్కలోకి వస్తుంది?

అక్టోబరు నడిమికి వచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. దీపావళి పాట్‌లక్‌కి ఎవరేం తెస్తున్నారన్నది ఒకటి. "మా చిన్నదానికి నిన్నటి నుంచి 102, మీ వైపు కూడా జ్వరాలున్నాయా?" అన్నది రెండోది. మొదటిదానికి ఎవరో ఒకరు వెంటనే లిస్టు తయారుచేస్తారు. రెండోదానికి మాత్రం "అవును, ఇక్కడా ఉన్నాయి" అన్న జవాబుతో సరి.

కిందటి నెల శీర్షిక చదివి న్యూజెర్సీ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. డిసెంబరులో వాళ్ళ అమ్మగారూ నాన్నగారూ విజయవాడ నుంచి వస్తున్నారట. నాన్నగారికి డెబ్భై దాటాయి, ఉబ్బసం ఉంది. "సీడీసీ వాళ్ళు ఫ్లూ గురించి ముందుగానే అంచనాలు ఇస్తారని విన్నాను. వాటిని చూసి టికెట్లు మార్చుకోవచ్చా? లేక అదీ మన పంచాంగంలాంటిదేనా?" అని అడిగారు.

మంచి ప్రశ్న. డిగ్రీలో మాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివి, ఇప్పుడు ఇద్దరు పిల్లలతో ఇంటిపట్టున ఉన్న నాకు ఇష్టమైన విషయం కూడా. కాబట్టి ఈ నెల జ్వరాల వాతావరణ సూచన గురించి మాట్లాడుకుందాం. అంటురోగాల అంచనా చెప్పే ఏ సాఫ్ట్‌వేర్‌ని చూసినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరి జ్వరం దాని లెక్కలోకి వస్తోంది? తనకు తెలియనిది ఎంతో అది ఒప్పుకుంటోందా? అది చెప్పే మాట, ఎవరైనా ఏదైనా చేయడానికి వేళకి అందుతోందా? ఎంత పెద్ద కంప్యూటర్ వాడారన్నది ఈ మూడింటి తర్వాతే.

బేగంపేట నుంచి మూడు డబ్బాల దాకా

ఈ లెక్కల కథలో మొదటి అధ్యాయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని మనం స్కూల్లో చదువుకున్నాం. ఆయనకి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి పెట్టింది ఆయన పేరే. దాన్ని మన పెద్దవాళ్ళు కోరంటి ఆసుపత్రి అంటారు. ఆ 'కోరంటి' అంటే ఏమిటో అనుకునేరు, క్వారంటైన్ మన నాలుక మీద అలా అయింది.

రాస్‌కి లెక్కలంటే పిచ్చి అన్న సంగతి మాత్రం స్కూల్లో చెప్పలేదు. 1907లో ఆయన మలేరియా పని మీద మారిషస్ వెళ్ళాడు. "దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం?" అనేవాళ్ళకి 1908 నివేదికలో అంకెలతో జవాబిచ్చాడు. అన్నిటినీ చంపక్కర్లేదు. మనిషికి ఇన్ని దోమలు అన్న లెక్క ఒక గీత కిందికి దిగితే చాలు, జబ్బు తనంతట తానే సన్నగిల్లుతుంది. మారిషస్‌లో ఈ పేజీ చదువుతున్న మన తెలుగువాళ్ళు దీన్ని కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు.

తర్వాత 1927లో ఎడిన్‌బరోలో కెర్మాక్, మెకెండ్రిక్ అన్న ఇద్దరు ఆ ఆలోచనని మూడు డబ్బాలుగా సర్దారు. జబ్బు రాగలిగినవాళ్ళు ఒక డబ్బా, జబ్బుతో ఉన్నవాళ్ళు ఒక డబ్బా, జబ్బు వదిలినవాళ్ళో ప్రాణం వదిలినవాళ్ళో మూడో డబ్బా. ఒక డబ్బాలోంచి ఇంకో దాంట్లోకి జనం ఎంత వేగంగా మారుతున్నారన్నదే లెక్క. ఆ లెక్క సరిపోతోందా అని వాళ్ళు పోల్చి చూసుకున్నది బొంబాయి ప్లేగు మరణాలతో. ఈ రోజు సూపర్ కంప్యూటర్ల మీద నడిచే మోడళ్ళు చాలావాటిలో కూడా అడుగున ఉన్నవి ఆ మూడు డబ్బాలే. వయసులవారీగా, వ్యాక్సిన్లవారీగా, స్కూలు సెలవులవారీగా అరలు పెరిగాయి, అంతే. జబ్బుపడ్డ ఒక్కరు సగటున ఒకరికంటే ఎక్కువమందికి అంటిస్తే జబ్బు పెరుగుతుంది, తక్కువమందికైతే తగ్గుతుంది. రాస్ చెప్పిన గీత అదే.

లెక్క తెలిసిపోయింది కదా, ఇంక కష్టమేమిటంటారా? డబ్బాల్లో పోయాల్సిన సరుకు. అక్కడే నా మొదటి ప్రశ్న.

ఒక్క మెతుకు చాలా?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటాం. అమెరికాలో ఫ్లూ నిఘా చాలాకాలంగా నడుస్తున్నది ఆ పద్ధతిలోనే. దేశమంతటా కొన్ని క్లినిక్కులు ప్రతి వారం ఒక లెక్క పంపుతాయి. వచ్చిన రోగుల్లో ఎంతమందికి 100 డిగ్రీలు, ఆపైన జ్వరం, దాంతోపాటు దగ్గో గొంతునొప్పో ఉన్నాయన్నది ఆ లెక్క. అందరినీ లెక్కపెట్టరు, కొన్ని మెతుకులు పట్టి చూస్తారు.

గిన్నె అంతా ఒకేలా ఉడుకుతుంటే ఒక్క మెతుకు చాలు. అడుగున మాడి పైన పలుకుగా ఉంటే? ఆ మెతుకు ఎక్కడ పట్టారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. కిందటి చలికాలం మా అత్తయ్యగారికి నాలుగు రోజులు జ్వరం. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో 650, మిరియాల కషాయం, రాత్రిళ్ళు ఆవిరి. ఐదో రోజుకి లేచి పప్పుచారు అన్నం తిన్నారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది గానీ, డిడక్టిబుల్ దాటేదాకా అది మన జేబులోంచే కదా. మామూలు జ్వరానికి క్లినిక్ గుమ్మం ఎవరు ఎక్కుతారు? ఆవిడ జ్వరం మా ఇంట్లో ఆరుగురికీ తెలుసు. అమెరికా లెక్కల్లో మాత్రం ఆవిడకి జ్వరం రానే లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు, రోజుకూలికి సెలవు దొరకనివాళ్ళు, ఇంగ్లీషులో డాక్టరుతో మాట్లాడాలంటే బెరుకుపడేవాళ్ళు, వీళ్ళంతా ఆ గిన్నెలో చెయ్యి చేరని మూల ఉండిపోతారు. మోడల్ ఎంత గొప్పదైనా తనకి కనపడని మనిషికి జబ్బు లేదనే అనుకుంటుంది.

మన ఊళ్ళలోనూ ఇంతే. అక్కడ అంటురోగాల నిఘా వ్యవస్థ 2004 నుంచి ఉంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటా విన్నది ఒక ఫారం, డాక్టర్లు చూసి అనుమానించింది ఇంకోటి, ల్యాబ్‌లో తేలింది మూడోది. ఈ కాగితాల పనిని కంప్యూటర్‌లోకి తెచ్చే కొత్త పోర్టల్‌ని 2018లో ముందుగా ఏడు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. కానీ వీధి చివర మెడికల్ షాపులో "రెండు రోజుల నుంచి జ్వరం బాబూ" అని చెప్పి తెచ్చుకున్న మాత్ర ఏ ఫారంలోకి ఎక్కుతుంది?

"మనుషులు క్లినిక్‌కి రాకపోతేనేం, ఇంటర్నెట్‌లో వెతుకుతారు కదా" అనుకున్నది గూగుల్. జనం వెతికే మాటల్ని బట్టి ఫ్లూని పసిగట్టే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్‌ని 2008లో తెచ్చింది. ఐదు కోట్ల వెతుకులాట మాటలు జల్లెడ పట్టి, ఫ్లూతో పాటు పెరిగి తగ్గేవాటిని ఏరారు. అందులో హైస్కూల్ బాస్కెట్‌బాల్ కూడా వచ్చిందట. అదీ చలికాలపు ఆటే మరి! అలాంటివి చేత్తో ఏరి పారేయాల్సి వచ్చింది. 2009 వసంతంలో వచ్చిన స్వైన్ ఫ్లూని ఆ వ్యవస్థ పట్టలేకపోయింది. 2012-13 చలికాలంలో సీడీసీ లెక్కకి దాదాపు రెట్టింపు చూపించింది. 2015లో మూసేశారు. పక్కింటి తాలింపు వాసన పట్టి వాళ్ళింట్లో ఎంతమంది భోజనానికి కూర్చున్నారో చెప్పమంటే ఎలా? వార్తల్లో ఫ్లూ పేరు మోగితే జబ్బులేనివాళ్ళు కూడా వెతుకుతారు. డేటా కుప్పలుగా ఉండటం వేరు, అది సరైన డేటా కావడం వేరు.

నాకు బాగా నచ్చిన జవాబు మురుగునీరు. ముఖం చిట్లించకండి. జబ్బుపడ్డవాళ్ళ శరీరంలోంచి వైరస్ ముక్కలు డ్రైనేజీలోకి వెళతాయి. శుద్ధి కేంద్రం దగ్గర నీటిని పరీక్షిస్తే ఆ ఊళ్ళో వైరస్ పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. సీడీసీ 2020 సెప్టెంబరులో దీనికి జాతీయ స్థాయి వ్యవస్థ మొదలుపెట్టింది. ఎంతమందికి జబ్బో అది తలలు లెక్కపెట్టి చెప్పలేదు. సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్ళు దానికి అందవు. కానీ డ్రైనేజీ ఇన్సూరెన్స్ కార్డు అడగదు, వీసా అడగదు. మా అత్తయ్యగారి జ్వరాన్ని అమెరికాలో లెక్కలోకి తీసుకోగలిగేది అదొక్కటే.

తెలియదని చెప్పే ధైర్యం

రెండో ప్రశ్నకి వద్దాం. ఆదివారం మీ అబ్బాయికి జ్వరం వచ్చి క్లినిక్‌కి తీసుకెళ్ళారనుకోండి. ఆ వారం శనివారంతో ముగుస్తుంది. లెక్క సర్దుకుని సీడీసీ నివేదిక వచ్చేది ఆపై శుక్రవారం. అంటే పన్నెండు రోజుల తర్వాత. అప్పటికి మీవాడు స్కూలుకి వెళ్ళిపోయి, చెల్లెలికి అంటించి, అది కూడా తగ్గిపోయి ఉంటుంది. పైగా ఆలస్యంగా పంపిన క్లినిక్కుల వల్ల ఆ అంకె తర్వాత వారాల్లో మళ్ళీ మారుతుంది. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ల మొదటి పని రేపటిది కాదు, ఈ రోజు సంగతి ఊహించడం. నిన్నటి పేపరు చదివి ఇవాళ్టి ధర చెప్పడంలాంటిది.

ఆ తర్వాతే ముందుచూపు. 2013-14 చలికాలంలో సీడీసీ ఒక పోటీ పెట్టింది. ఫ్లూ ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు పతాకస్థాయికి చేరుతుంది, చెప్పగలరా అని. విశ్వవిద్యాలయాల బృందాలు ముందుకొచ్చాయి. అదే ఇప్పుడు ఫ్లూసైట్ అన్న పేరుతో నడుస్తోంది. ఫ్లూతో ఆసుపత్రుల్లో ఎంతమంది చేరబోతున్నారో మూడు వారాల ముందు వరకు, రాష్ట్రాలవారీగా, సీజన్‌లో ప్రతి వారం బృందాలు అంచనాలు పంపుతాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌కి కూడా ఇలాంటి కూడలిని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్‌లో మొదలుపెట్టారు.

ఇన్ని అంచనాల్లో ఏది నమ్మాలి? పదిమందిలో పాము చావదంటారు గానీ, ఇక్కడ పదిమంది చేరితేనే చస్తుంది. బృందాల అంచనాలన్నిటినీ కలిపి ఒకటి చేస్తే, ఏ ఒక్క మోడల్ కంటే నిలకడగా బాగుంటోందని కోవిడ్ అనుభవం చూపించింది. అది గణిత పండితులకే పరిమితం కాదు కూడా. మనకి వేంకటేశ్వరస్వామి గుడితో గుర్తుండే పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం డెల్ఫీ బృందం ఒక చిత్రమైన పని చేసింది. మామూలు మనుషులకి ఇప్పటిదాకా వచ్చిన ఫ్లూ గీత చూపించి, మిగతాది మౌస్‌తో గీయమంది. ఆ గీతలన్నీ కలిపి చేసిన అంచనా 2014-15 సీజన్‌లో మంచి మోడళ్ళకి దీటుగా నిలబడింది.

ఇక్కడ గ్రాఫ్ చదవడం గురించి ఒక మాట. ఫోర్‌కాస్ట్‌లో మధ్య గీత చుట్టూ విసనకర్రలా విప్పుకున్న నీడ ఉంటుంది. చాలామంది మధ్య గీతనే చూసి వదిలేస్తారు. అసలు సమాచారం ఆ నీడలో ఉంది. ఉదాహరణకి "వచ్చే వారం 200 నుంచి 600 మంది" అని ఉందనుకోండి. "ఇంత తేడానా, ఇదేం చెప్పినట్టు?" అనిపిస్తుంది. కానీ 95 శాతం నమ్మకంతో అలా చెప్పిన వ్యవస్థ, ఇరవైసార్లలో పంతొమ్మిదిసార్లు నిజం ఆ హద్దుల్లో పడితే మాట నిలబెట్టుకున్నట్టు. "సరిగ్గా 387" అని చెప్పేవాడి కంటే ఆ నీడ నిజాయితీపరురాలు. వారం దాటి నాలుగు వారాల వైపు వెళ్ళేకొద్దీ ఆ విసనకర్ర వెడల్పవుతూ పోతుంది. పోవాలి కూడా. మార్చి నెల సంగతి అక్టోబరులోనే సన్నని గీతతో చెప్పే గ్రాఫ్ ఎక్కడైనా కనిపిస్తే నేను ఫార్వర్డ్ చేయను.

పంచాంగంతో పోలిక అడిగారు కదా, నాకు కనిపించే తేడా ఇదీ. ఉగాది నాడు భక్తిగా పంచాంగ శ్రవణం వింటాం. వానలెన్ని పాళ్ళు, రోగాలెన్ని అని. ఫాల్గుణంలో ఆ కాగితం మళ్ళీ తీసి, ఎన్ని కుదిరాయో టిక్కులు పెట్టేవాళ్ళని నేను చూడలేదు. ఈ కూడళ్ళలో మాత్రం అంచనాని వారం ముందే అందరికీ కనిపించేలా దాచిపెడతారు, మార్చడానికి వీల్లేకుండా. తర్వాత నిజం వచ్చాక మార్కులు వేస్తారు. కోవిడ్ కేసుల సంఖ్య విషయంలో, ఉప్పెన లేచేటప్పుడూ విరిగేటప్పుడూ మోడళ్ళు బాగా తడబడ్డాయి. ఆ సంగతి బయటపెట్టింది కూడా ఆ పరిశోధకులే. నాకు నమ్మకం కలిగింది వాళ్ళ ఒప్పుల వల్ల కాదు, తప్పుల పట్టికని అందరి ముందూ పెట్టడం వల్ల.

తుఫాను మన పేపరు చదవదు

మూడో ప్రశ్న, చేతికి అందే వేళ. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకి పైగా ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని కకావికలు చేసింది. అయినా ఆ స్థాయి ప్రాణనష్టం జరగలేదు. తుఫాను దారి ముందే చెప్పగలగడం ఒక కారణం. ఆ మాట విని జనాన్ని తరలించడానికి బస్సులు, ఆశ్రయం ఇవ్వడానికి గట్టి భవనాలు ఉండటం ఇంకో కారణం. రెండోది లేకపోతే మొదటిది ఉత్త కబురే.

అయితే తుఫానుకీ అంటురోగానికీ ఒక పెద్ద తేడా ఉంది. మనం ఊరు ఖాళీ చేశామని తుఫాను దారి మార్చుకోదు. అంటురోగం మాత్రం మన నడతని బట్టి మారుతుంది. 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ నివేదిక వచ్చింది. ఎవరూ ఏమీ చేయకుండా వదిలేస్తే బ్రిటన్‌లో 5 లక్షల 10 వేల మంది, అమెరికాలో 22 లక్షల మంది చనిపోవచ్చని అందులో ఉంది. తర్వాత "అంతమంది పోలేదు, మోడల్ తప్పు" అన్నవాళ్ళున్నారు. కానీ అది "ఇలా జరుగుతుంది" అన్న మాట కాదు, "ఇలాగే వదిలేస్తే" అన్న మాట. దేశాలు వదిలేయలేదు. పాలు పొంగుతాయని అరిస్తే మీరు పరుగున వెళ్ళి స్టవ్ కట్టేశారు. పాలు పొంగలేదు కాబట్టి అరిచినవాళ్ళు అబద్ధం చెప్పారంటామా? ఏదైనా ఆరోగ్య గ్రాఫ్ చూసినప్పుడు అది జరగబోయేదాని గురించా, లేక ఒక షరతు మీద చెప్పిన మాటా అన్నది ముందు వెతకండి.

అంకె వచ్చాక నిర్ణయం మాత్రం మనదే. పట్టుచీర కట్టుకున్న రోజు 20 శాతం వాన అన్నా గొడుగు పట్టుకెళతాం. జీన్స్ వేసుకున్న రోజు 50 శాతం అన్నా పట్టించుకోం. పోయేది ఎంతన్నదాన్ని బట్టి ఒకే అంకెకి రెండు నిర్ణయాలు. మంచి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు ముందు ఆ నిర్ణయం దగ్గర కూర్చుంటారట. ఎవరికి, ఏ రోజుకి, ఏం తెలియాలి అని. ఆసుపత్రికి నర్సుల షిఫ్టులు వేయడానికి రెండు వారాల ముందు కబురు కావాలి. ఆ కబురు నాలుగో వారంలో వస్తే ఎంత నిజమైనా దండగే.

ఇప్పుడు న్యూజెర్సీ సోదరికి నా జవాబు. టికెట్లు మార్చడానికి ఈ అంచనాలు పనికిరావు. టికెట్లు నెలల ముందు కొంటాం, అంచనా చూపు మూడు వారాలు. కానీ ఉబ్బసం ఉన్న నాన్నగారు మీ పట్టుచీర. ఆయన విషయంలో ఆ మూడు వారాల చూపు చాలా పనికొస్తుంది. ఫ్లూ టీకా పూర్తిగా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కాబట్టి బయలుదేరడానికి రెండు వారాల ముందే అక్కడ డాక్టరుని అడిగి వేయించడం మేలు. వచ్చాక వేయించాలంటే ఫార్మసీలో దొరుకుతుంది. 65 దాటినవాళ్ళకి ఎక్కువ మోతాదుది ఉంటుంది, విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా దాని ఖర్చు ఇవ్వదు కాబట్టి ధర ముందే కనుక్కోండి. డిసెంబరు నుంచి మీ రాష్ట్రం గీతనీ, మీ కౌంటీ మురుగునీటి గీతనీ వారానికొకసారి చూడండి. రెండూ పైకి లేస్తుంటే సంక్రాంతి సంబరాల హాల్లో మూడొందల మంది మధ్యకి కాకుండా, ఆ ఒక్క వారం ఇంట్లోనే నలుగురితో ముగ్గులు, గారెలు పెట్టుకోండి. జ్వరం వస్తే ఫ్లూ మందు 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకని ఏ క్లినిక్‌కి వెళ్ళాలి, ఎంత ఖర్చు అన్నది వాళ్ళు దిగకముందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఇంకో సంగతి. మనవాళ్ళు ఋతువులు దాటి ప్రయాణం చేస్తారు. హైదరాబాద్‌లో ఫ్లూ వానల తర్వాత ఒకసారి, చలి చివర్లో ఒకసారి పెరుగుతుంది. ఇక్కడ చలికాలంలో. దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి మే నుంచి సెప్టెంబరు దాకా. కాబట్టి మీరున్న చోటి గీత చూడండి, వాట్సాప్‌లో వేరే దేశం నుంచి వచ్చిన గీత కాదు.

చివరగా, వీలున్నప్పుడు, పెద్దవాళ్ళ జ్వరం ముదురుతోందనిపించినప్పుడు, క్లినిక్‌లో చూపించండి. మొదట వాళ్ళ కోసం. రెండోది, ఆ గిన్నెలో మన మెతుకు కూడా ఉందని తెలియడం కోసం. లెక్కలోకి రాని ఇళ్ళకి మందులూ మంచాలూ లెక్కగట్టి ఎవరూ పంపరు.

మీ ఊళ్ళో మురుగునీటి లెక్కలు ఇస్తున్నారా? గల్ఫ్‌లో, మలేషియాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు అక్కడి పద్ధతి ఎలా ఉందో రాయండి. వచ్చే నెల మీ ఉత్తరాలతో కలుద్దాం. అందాకా టీకాలు వేయించుకోండి, జాగ్రత్త.